వెర్టిగో గోడ: సూపర్‌హీరోల నుంచి వేరు పెట్టడం మంచిదేనా?

పాతసంచిక:

మొన్న ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద స్వాంప్ థింగ్ (ఒళ్ళంతా ఆకులూ తీగలే అయిన చిత్తడినేల జీవి కథ) అనే కామిక్ సంకలనం ఒకటి దొరికింది, అలన్ మూర్ రాసిన మొదటి భాగం. అమ్మే ఆయన బొమ్మలు చూసి పిల్లల పుస్తకం అనుకుని పిల్లల పుస్తకం రేటే చెప్పాడు. నేను కిక్కురుమనకుండా డబ్బులిచ్చి వచ్చేశాను. రాత్రి మళ్ళీ చదువుతుంటే ఎన్నేళ్ళ నుంచో నలుగుతున్న గొడవ ఒకటి మళ్ళీ బుర్రలో మొదలైంది. అదే ఇక్కడ పెడుతున్నా.

తెలియనివాళ్ళకి రెండు ముక్కల్లో: వెర్టిగో అంటే అమెరికన్ కంపెనీ డీసీ కామిక్స్ 1993లో పెద్దవాళ్ళ కోసం మొదలుపెట్టిన ఇంప్రింట్, అంటే అదే కంపెనీ వేరే పేరుతో వేసే పుస్తకాల వరస. దాన్ని నిలబెట్టిన ఎడిటర్ కారెన్ బర్గర్. అప్పటికే నడుస్తున్న ఆరు పుస్తకాలు, అంటే స్వాంప్ థింగ్, శాండ్‌మ్యాన్, హెల్‌బ్లేజర్, యానిమల్ మ్యాన్, డూమ్ పెట్రోల్, షేడ్, కొత్త బోర్డు కిందికి మారాయి. ఆ ఆరూ పుట్టింది బ్యాట్‌మ్యాన్, సూపర్‌మ్యాన్ తిరిగే డీసీ లోకంలోనే. మారాక మెల్లగా ఒక ఆచారం స్థిరపడింది. సూపర్‌హీరోలు ఇటు రారు, వీళ్ళు అటు పోరు.

ఆ గోడ కట్టడం తప్పని నా వాదన.

స్వాంప్ థింగ్ 24వ సంచిక గుర్తు చేసుకోండి. వుడ్రూ అనే పాత విలన్ చెట్లన్నిటినీ మనుషుల మీదికి ఉసిగొల్పుతాడు. పైన ఉపగ్రహంలో డీసీ సూపర్‌హీరోల జట్టు జస్టిస్ లీగ్ బల్ల చుట్టూ కూర్చుని ఉంటుంది. అంత బలవంతులు, ఏం చేయాలో తోచక ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. గడ్డిపరకని గుద్ది ఏం సాధిస్తారు? వాళ్ళు నిజం జస్టిస్ లీగ్ కాబట్టే ఆ పేజీ వణికిస్తుంది. వాళ్ళ స్థానంలో పేరు మార్చిన నకిలీలని పెట్టి చూడండి, ఉత్తి పేరడీ అయిపోతుంది.

53వ సంచికలో స్వాంప్ థింగ్, అరెస్టైన తన ప్రియురాలు అబ్బీ కోసం బ్యాట్‌మ్యాన్ ఊరైన గోథమ్ నగరాన్ని అడవి చేసేస్తాడు. బ్యాట్‌మ్యాన్ ఓడిపోతాడు. ఓడిపోయి, అబ్బీని వదిలేయమని నగరం పెద్దలతో వాదిస్తాడు. మనిషి కానివాడిని ప్రేమించడం నేరమైతే మెట్రోపొలిస్‌లో ఆయన సంగతేంటి అని అడుగుతాడు. ఆ ఒక్క మాట వెనక యాభై ఏళ్ళ సూపర్‌మ్యాన్ కథలున్నాయి.

ఇక యానిమల్ మ్యాన్. రచయిత గ్రాంట్ మోరిసన్ చేతిలో ఆ పుస్తకం అసలు విషయమే కంటిన్యుటీ, అంటే కంపెనీ కథలన్నీ కలిసి ఒకే లోకం, ఒకే చరిత్ర అనే లెక్క. 1985లో డీసీ తన లోకాలన్నిటినీ కలిపేసి, అక్కర్లేని పాత్రల్ని చెరిపేసింది కదా. ఆ చెరిపేసిన పాత్రలు ఒక పిచ్చాసుపత్రిలో ఉన్న సైకో పైరేట్‌కి మాత్రం గుర్తుంటాయి, తిరిగొచ్చి మమ్మల్ని ఎందుకు చంపారని నిలదీస్తాయి. గోడ ఉంటే ఈ కథ పుడుతుందా? పుట్టిల్లు వదిలేసి వచ్చాక పుట్టింటి గురించి రాసే హక్కు కూడా పోయింది.

రాత్రిబస్సు:

పాతసంచిక గారూ, మీరు చెప్పిన ఉదాహరణలన్నీ 1993కి ముందువే. గమనించారా? 1993 తర్వాతి లెక్క కూడా తీయండి మరి.

ఉల్లిపాయపకోడి:

ఫుట్‌పాత్ రేటు చెప్పలేదు. ముందు అది చెప్పండి, వాదన తర్వాత.

పాతసంచిక:

వంద. ఇంకేం అడగొద్దు.

రాత్రిబస్సు:

నూరు రూపాయలకి అలన్ మూరా! సరే, కడుపుమంట పక్కన పెట్టి అసలు విషయానికి వస్తా.

నేను గోడ పక్షం. ఒకే ఒక్క కారణం: వయసు.

మంత్రగాడు జాన్ కాన్‌స్టంటైన్ మొదట కనపడింది 1985లో, స్వాంప్ థింగ్ 37వ సంచికలో. సొంత పుస్తకం హెల్‌బ్లేజర్ 1988లో మొదలై 2013లో 300వ సంచికతో ఆగింది. ఆ పాతికేళ్ళలో పుస్తకంలోనూ పాతికేళ్ళు గడిచాయి. ఆయన పుట్టింది 1953. 1993లో 63వ సంచికలో నలభయ్యో పుట్టినరోజు చేసుకున్నాడు. చివరికి వచ్చేసరికి అరవై దగ్గరపడ్డ ముసలాడు. గార్త్ ఎనిస్ 1991లో రాసిన కథలో సిగరెట్లు తాగీ తాగీ ఊపిరితిత్తుల కేన్సర్ తెచ్చుకుంటాడు. దెయ్యాల్ని మోసం చేసి బయటపడతాడు, కానీ ఆ భయం పోదు. స్నేహితులు ఒక్కొక్కరే పోతుంటారు, పోయినవాళ్ళు పోయినట్టే. థాచర్ పాలన పోతుంది, లండన్ మారుతుంది, ఈయన జుట్టు నెరుస్తుంది.

బ్యాట్‌మ్యాన్ 1939 నుంచీ ముప్పై అయిదేళ్ళ దగ్గరే ఉన్నాడు. ఆయన పక్కన కాన్‌స్టంటైన్‌ని నిలబెడితే ఇద్దరిలో ఒకరి గడియారం ఆపాలి. ఎవరిది ఆపుతారో మీకూ తెలుసు, నాకూ తెలుసు. 2011లో డీసీ తన పుస్తకాలన్నిటినీ మళ్ళీ ఒకటో నంబరు నుంచి మొదలుపెట్టినప్పుడు అదే జరిగింది. హీరోలు బయటికొచ్చి అయిదేళ్ళే అయిందన్నారు. కాన్‌స్టంటైన్ కుర్రాడైపోయి జస్టిస్ లీగ్ డార్క్‌లో చేరాడు. రెండేళ్ళు తిరక్కుండానే ముసలాయన పుస్తకం మూసేశారు. కోటు అదే, సిగరెట్టు అదే, మనిషి మాత్రం లేడు.

సూపర్‌హీరో కథకి చావుండదు, ముసలితనం ఉండదు. వెర్టిగో పుస్తకాలు చెప్పిందే చావు గురించి, ముసలితనం గురించి. ఒకే ఇంట్లో రెండు పంచాంగాలు నడవవు.

కృష్ణాతీరం:

రాత్రిబస్సు గారి పోస్టు బాగుంది, కానీ అందులో ఒక తిరకాసు ఉంది. ఆ నలభయ్యో పుట్టినరోజు పార్టీకి ఎవరొచ్చారు? స్వాంప్ థింగ్ వచ్చాడు. జటానా వచ్చింది. జటానా ఎవరు? జస్టిస్ లీగ్ సభ్యురాలు, టోపీలోంచి కుందేలు తీసే ఆవిడ. 1993లోనే, వెర్టిగో బోర్డు కిందే. గోడ కట్టిన ఏడాదే గోడ దూకి వచ్చి తాగి తందనాలాడారు. అయినా ఆయన వయసు ఆగలేదు.

అందుకే దాన్ని నేను గోడ అనను, ఒకవైపు మాత్రమే తెరుచుకునే తలుపు అంటాను. వెర్టిగో రచయితకి డీసీ అటక మీది పాత సామాను తెచ్చుకునే స్వేచ్ఛ ఉండేది. డీసీ రచయితకి వెర్టిగో సామాను ముట్టుకోవాలంటే అనుమతి కావాలి. శాండ్‌మ్యాన్ నిండా ఇదే:

అయిదో సంచికలో మార్షియన్ మ్యాన్‌హంటర్, మిస్టర్ మిరకిల్ ఉంటారు. మొదటి కథలో విలన్ జాన్ డీ, జస్టిస్ లీగ్ పాత శత్రువు డాక్టర్ డెస్టినీ. మాట్లాడే కాకి మాథ్యూ, స్వాంప్ థింగ్‌లో చచ్చిపోయిన మాట్ కేబుల్. కెయిన్, ఏబెల్ పాత డీసీ హారర్ కథలకి వ్యాఖ్యాతలు. 1939 నాటి గ్యాస్ మాస్క్ శాండ్‌మ్యాన్ వెస్లీ డాడ్స్‌కి కూడా రచయిత నీల్ గైమన్ చోటిచ్చాడు. ఈ పుస్తకం కథానాయకుడైన కలల రాజు 1916 నుంచి బందీగా ఉంటే ఆ ఖాళీని పూడ్చడానికి లోకం చేసుకున్న ఏర్పాటు వెస్లీ డాడ్స్ అని. ఎంత దర్జాగా కలిపాడో చూడండి.

ఎదురు దిశలో ఏం జరిగింది? కొత్త కలల రాజు డేనియల్ 1998లో జస్టిస్ లీగ్ పుస్తకంలో రెండు సంచికలకి వచ్చాడు, మోరిసన్ రాశాడు. 2010లో యాక్షన్ కామిక్స్‌లో శాండ్‌మ్యాన్ పాత్ర మృత్యువు వచ్చి సూపర్‌మ్యాన్ శత్రువు లెక్స్ లూథర్‌తో మాట్లాడింది. అరుదుగా, మర్యాదగా, చుట్టపుచూపుగా.

నా దృష్టిలో ఆ అసమానతే వెర్టిగో బలం. మేనమామ ఇంటికెళ్ళి మామిడికాయలు కోసుకోవచ్చు, మేనమామ మాత్రం మన ఇంటికొచ్చి గోడలకి రంగు మార్చలేడు.

ఉల్లిపాయపకోడి:

మేనమామ ఒప్పుకున్నాడా అని నా డౌటు. 2011లో ఇంటికే వచ్చేశాడుగా.

కృష్ణాతీరం:

ఇల్లు కూడా ఆయన పేరు మీదే ఉందిలెండి, అదే వచ్చిన చిక్కు.

సగంచదివినవాడు:

పకోడీ గారు సరదాకి అన్నా అసలు పాయింటు అదే. మీరందరూ కథ లోపలి గోడ గురించే మాట్లాడుతున్నారు. బయట ఒప్పందం అనే గోడ ఇంకోటుంది, ఫలితం తేల్చింది అదే.

వెర్టిగోలో రెండు రకాల పుస్తకాలు. ఒకటి, పాత్రలు డీసీవి: హెల్‌బ్లేజర్, స్వాంప్ థింగ్, శాండ్‌మ్యాన్. రెండోది, రచయితా చిత్రకారుడూ సృష్టించి, హక్కుల్లో వాటా ఉంచుకున్నవి: ప్రీచర్, ద ఇన్విజిబుల్స్, 100 బుల్లెట్స్, వై: ద లాస్ట్ మ్యాన్. ఈ రెండో రకానికి సూపర్‌హీరో వాసన కూడా లేదు. ప్రీచర్ 66 సంచికలు, వై 60, 100 బుల్లెట్స్ సరిగ్గా 100. మొదలు, మధ్య, ముగింపు. షెల్ఫ్‌లో పెట్టుకునే నవలలు. 2000 తర్వాత వెర్టిగో అంటే జనానికి గుర్తొచ్చింది ఇవే. వీటి విషయంలో గోడ ఉండాలా వద్దా అనే ప్రశ్నే లేదు, పక్కన ఇల్లే లేదు కాబట్టి.

మరి వెర్టిగో ఎందుకు పోయింది? వై రాసిన బ్రయన్ కె. వాన్ 2012లో తన తర్వాతి పెద్ద కథ సాగాని ఇమేజ్ కామిక్స్ అనే వేరే కంపెనీకి ఇచ్చాడు. అక్కడ హక్కులన్నీ సృష్టించినవాళ్ళవే. ఇక్కడ సగం, అక్కడ మొత్తం, మీరైతే ఎటు వెళ్తారు? బర్గర్ 2013లో వెళ్ళిపోయారు. తర్వాత పగ్గాలు పట్టిన షెల్లీ బాండ్ పదవిని 2016లో తీసేశారు. 2019లో ఇంప్రింట్‌నే మూసేస్తున్నామన్నారు. సొంతదారులు ఇటు వెళ్ళిపోయారు, డీసీ పాత్రల్ని డీసీ అటు లాగేసుకుంది. మధ్యలో మిగిలింది బోర్డు ఒక్కటే. 2024లో వెర్టిగోని మళ్ళీ తెస్తామని ప్రకటించారు కాబట్టి, ఈసారి ఏ రకం పుస్తకాలతో ఇల్లు నింపుతారో దాన్ని బట్టి మన వాదన కూడా మార్చుకోవాల్సి రావచ్చు.

పాతసంచిక:

రాత్రిబస్సు గారూ, కాన్‌స్టంటైన్ విషయంలో నేను ఒప్పుకుంటున్నా. హెల్‌బ్లేజర్‌ని గోడకి అవతలే వదిలేయాల్సిందే. ఆ ముసలాడికి జరిగింది అన్యాయం. 2019లో సైమన్ స్పరియర్ రాసిన కొత్త హెల్‌బ్లేజర్ బాగుండటానికి కారణం కూడా ఆ అన్యాయాన్నే కథ చేసుకోవడం. అది కూడా 12 సంచికలకే ఆపేశారు, వేరే సంగతి.

కానీ యానిమల్ మ్యాన్, డూమ్ పెట్రోల్ గురించి ఎవరూ జవాబు చెప్పలేదు. వెర్టిగోలోకి వచ్చాక వాటికి ఏమైంది? రెండూ 1995లో ఆగిపోయాయి. స్వాంప్ థింగ్ 1996లో ఆగింది. అంటే ఆరుగురు అన్నదమ్ముల్లో ఈ ముగ్గురూ వేరుపడ్డ నాలుగేళ్ళలోపే కూలబడ్డారు. నిజమే, రచయితలు మారారు, కాలం మారింది, ఆ ఒక్క కారణమే అనను. కానీ యానిమల్ మ్యాన్, అదే బడ్డీ బేకర్, అంటే ఎవరు? పెళ్ళాం పిల్లలున్న రెండో రకం సూపర్‌హీరో. మొదటి రకం హీరోలు పక్కన లేకపోతే ఆయన రెండో రకం ఎలా అవుతాడు?

ఇంకో సంగతి. సూపర్‌హీరో కంపెనీల జబ్బు క్రాస్ఓవర్ కదా, ఒక కథ కోసం ఆరు పుస్తకాలు కొనిపించడం. ఆ జబ్బు తగలకూడదనే వేరుపడ్డామన్నారు. వేరుపడ్డ ఏడాది తిరక్కుండానే చిల్డ్రన్స్ క్రూసేడ్ అని వార్షిక సంచికల మీదుగా వెర్టిగో తన క్రాస్ఓవర్ తనే చేసింది. బాగా ఆడలేదు, మళ్ళీ ఆ జోలికి పోలేదు. ఇల్లు మారినా అలవాటు మారలేదని చెబుతున్నా.

అర్ధణా:

అందరికీ నమస్కారం, చాలా రోజులకి లాగిన్ అయ్యాను. మన దగ్గర ఈ గొడవ ఎప్పుడో తేలిపోయింది కదండీ. వ్యాసుడి భారతంలో శశిరేఖ లేదు. బలరాముడి కూతురు, అభిమన్యుడితో ప్రేమ, ఘటోత్కచుడి మాయ, లక్ష్మణకుమారుడి పెళ్ళిపందిరి, ఇదంతా తర్వాతివాళ్ళు అల్లుకున్నది. ఎవరైనా కంటిన్యుటీ తప్పిందన్నారా? ఆ కథకి భారతం కావాలి, భారతానికి ఆ కథ అక్కర్లేదు. కృష్ణాతీరం గారి ఒంటివైపు తలుపు అంటే ఇదే. ఘటోత్కచుడు పెళ్ళిలో నవ్వించినంత మాత్రాన కురుక్షేత్రంలో చావు తప్పదు, ఆ చావు తెలుసు కాబట్టే పెళ్ళిలో ఆ నవ్వు ఇంకా ముద్దొస్తుంది.

రాత్రిబస్సు:

అర్ధణా గారూ, పోలిక అందంగా ఉంది, నాకూ నచ్చింది. కానీ వ్యాసుడికి ఎడిటోరియల్ డిపార్ట్‌మెంట్ లేదండీ. శశిరేఖ కథ జనం మెచ్చింది కాబట్టి వచ్చే నెల నుంచి ద్రోణపర్వంలో కూడా ఆమె ఉండాలని ఎవరూ ఆర్డర్ వేయలేదు. డీసీలో వేస్తారు. జనాదరణ పొందిన పాత్ర ఏదైనా అటు లాగబడుతుంది. భారతానికి యజమాని లేడు కాబట్టి తలుపు ఒకవైపే తెరుచుకుంది. యజమాని ఉన్నచోట గోడే దిక్కు.

ఇంకో విషయం, పాతసంచిక గారూ. మీకిష్టమైన స్వాంప్ థింగ్ మీదే ఆ యజమాని కత్తి పడింది. 1989లో రిక్ వీచ్ 88వ సంచికలో స్వాంప్ థింగ్ కాలంలో వెనక్కి వెళ్ళి యేసుని కలిసే కథ రాశాడు. ముందు ఒప్పుకున్న కంపెనీ చివర్లో ఆపేసింది. వీచ్ పుస్తకం వదిలేసి వెళ్ళిపోయాడు. అప్పటికి వెర్టిగో లేదు. పిల్లలు చదివే బ్రాండు, చొక్కాల మీద, బొమ్మల మీద అచ్చయ్యే హీరోల బ్రాండు పక్కనే ఉన్నంతకాలం ఆ భయం తప్పదు. వేరే బోర్డు పెట్టడంలో ఒక అర్థం ఇదీ.

కృష్ణాతీరం:

ఆ బ్రాండు భయానికి ఇంకా మంచి ఉదాహరణ బ్లాక్ లేబుల్. వెర్టిగో మూసేశాక దాని స్థానంలో డీసీ నడిపింది అదే కదా, 17 ఏళ్ళు దాటినవాళ్ళకి. 2018లో మొదటి పుస్తకం బ్యాట్‌మ్యాన్: డ్యామ్డ్. అందులో చీకట్లో బ్యాట్‌మ్యాన్ ఒంటి మీద బట్ట లేకుండా ఒక బొమ్మ ఉంది. ఆ రచ్చకి తర్వాతి ముద్రణల్లో దాన్ని మరింత చీకటి చేసేశారు. పెద్దవాళ్ళ పుస్తకమని వాళ్ళే లేబుల్ వేసి, వాళ్ళే కంగారుపడ్డారు.

వెర్టిగో పెద్దవాళ్ళ విషయాల కోసం పాత్రల్ని వెతుక్కుంది. బ్లాక్ లేబుల్ అమ్ముడుపోయే పాత్రల్నే తీసుకుని పెద్దవాళ్ళ రంగు పూసింది. పైగా చాలామటుకు అసలు కంటిన్యుటీకి బయటే. అంటే పాతసంచిక గారు కోరినట్టు గోడ పడగొట్టారు, రాత్రిబస్సు గారు కోరినట్టు వేరే కాలం కూడా ఇచ్చారు. ఇద్దరూ సంతోషమేనా?

పాతసంచిక:

లేదు.

రాత్రిబస్సు:

అస్సలు లేదు.

సగంచదివినవాడు:

మార్వెల్ సంగతి ఎవరూ ఎత్తలేదు. 2001లో మ్యాక్స్ అని వాళ్ళ పెద్దవాళ్ళ లైన్. మొదటి పుస్తకం ఏలియస్, జెస్సికా జోన్స్ అనే డిటెక్టివ్. ఒకప్పటి సూపర్‌హీరో, ఇప్పుడు తాగుతూ, తిడుతూ, గాయాలు దాచుకుంటూ బతుకుతుంది. పూర్తిగా మార్వెల్ లోకంలోనే జరుగుతుంది. ఆమె ఎందుకు కేప్ వదిలేసిందనేది అవెంజర్స్ లేకపోతే చెప్పలేని కథ. అదే మ్యాక్స్‌లో 2004 నుంచి ఎనిస్ రాసిన పనిషర్ దీనికి పూర్తి వ్యతిరేకం. వియత్నాంలో పోరాడినవాడు నిజంగానే ముసలాడవుతాడు, ఒక్క సూపర్‌హీరో కనపడడు. రెండూ గొప్పవే. ఒకే లేబుల్, రెండు పద్ధతులు. లేబుల్‌కి రూలెందుకు? ఏ కథకి ఏది కావాలో రచయితే చెప్తాడు.

మోడరేటర్:

మధ్యలో తీసేసిన రెండు పోస్టులు సినిమాల గురించి, డీసీ గొప్పా మార్వెల్ గొప్పా అని. దానికి వేరే దారం (థ్రెడ్) ఉంది, అక్కడ కొట్టుకోండి.

అర్ధణా:

ఒక చిన్న పక్కమాట. 2021లో రామ్ వి రాసిన స్వాంప్ థింగ్ ఎవరైనా చదివారా? ముంబై నుంచి వచ్చిన రచయిత. ఆ కొత్త స్వాంప్ థింగ్ పేరు లెవీ కామెయ్, మూలాలు మన కాజీరంగలో. వెర్టిగో బోర్డు లేదు, నేరుగా డీసీ లోకంలోనే, అయినా మంచి పాత వెర్టిగో వాసన కొట్టింది. ఇది ఎవరి వాదనకి పనికొస్తుందో వాళ్ళు వాడుకోండి.

పాతసంచిక:

నా వాదనకే. థాంక్సండీ.

రాత్రిబస్సు:

16 సంచికలకి అయిపోయింది. నా వాదనకే.

కొత్తచదువరి:

వారం నుంచి ఈ దారం చదువుతున్నాను, నేను చదివిన మొదటి వెర్టిగో పుస్తకం శాండ్‌మ్యాన్, అదీ పోయిన నెలే. మా అన్నయ్య దగ్గర ఉంటే తీసుకున్నా. డీసీ గురించి బ్యాట్‌మ్యాన్ సినిమాలు తప్ప ఏమీ తెలియదు. ప్రయోగశాల ఎలకలా నా అనుభవం చెప్తా.

అయిదో సంచికలో ఆ పచ్చటాయన ఎవరో నాకు తెలియలేదు. కలల రాజుని చూసి తన గ్రహం దేవుడిని చూసినట్టు తల వంచాడు. అంతే అర్థమైంది, అంతే చాలనిపించింది. డాక్టర్ డెస్టినీ పాత విలన్ అని ఇప్పుడు మీరు చెప్తేనే తెలిసింది. హోటల్లో 24 గంటల కథకి మాత్రం ఆ రాత్రి లైటు ఆర్పకుండా పడుకున్నా.

కానీ 20వ సంచిక దగ్గర ఆగిపోయాను. ఒకావిడ ఇంట్లోంచి బయటికి రాకుండా పింఛను మీద బతుకుతుంటుంది, మొహం మీద మొహం పెట్టుకుని. ఆవిడ ఒకప్పుడు సూపర్‌హీరో అట. ఆ పాత కథలో ఆవిడ ఎలా ఉండేదో చూడాలనిపించింది. సంతోషంగా ఉండేదా? అప్పుడు జనం గుర్తుపట్టేవాళ్ళా? ఎక్కడ దొరుకుతుంది?

రాత్రిబస్సు:

ఇది నాకు వ్యతిరేక సాక్ష్యం. రికార్డు కోసం నేనే ఒప్పుకుంటున్నా.

పాతసంచిక:

ఆవిడ పేరు ఎలిమెంట్ గర్ల్, యురేనియా బ్లాక్‌వెల్. మెటామార్ఫో అనే పుస్తకం పదో సంచిక, 1967. ఆ సంచిక మొత్తం సరదా సూపర్‌హీరో కథే. 20వ సంచిక చదివాక అది చూస్తే వేరేగా ఉంటుంది, ముందే చెప్తున్నా. నా దగ్గర లేదు, ఎప్పుడో స్నేహితుడి దగ్గర చూశాను. ఆబిడ్స్‌లో కనపడితే ఒకటి మీకు, ఒకటి నాకు.

ఉల్లిపాయపకోడి:

మూడు. రేటు మాత్రం నేను అడుగుతా.